వేళాంగణి పాదయాత్ర దారిలో కడప విచారణ సేవాశిబిరం: ఒక కేస్ స్టడీ

కడప పట్టణంలోని ఒక కతోలిక విచారణ (పారిష్) నుంచి పద్నాలుగు మంది జట్టు ఆగస్టు మూడో వారంలో తమిళనాడు తీరానికి వెళ్లింది. చెన్నై నుంచి నాగపట్నం దగ్గరున్న వేళాంగణి మాత గుడికి కాలినడకన పోయే భక్తుల కోసం మరక్కాణం దగ్గర ఒక శిబిరం నడిపింది. జట్టులో ఇద్దరు నర్సులు, ఒక ఉపదేశి, మరియ సేనాదళం అనే విచారణ సంఘం స్త్రీలు నలుగురు, యువకులు ఆరుగురు, డ్రైవరు ఉన్నారు. ఆ శిబిరం ఎలా కుదిరింది, ఏ పని ఎలా చేశారు, ఎక్కడ తేడా కొట్టింది, ఎందుకు కొట్టింది అన్నవి ఇక్కడ రాస్తున్నాం. ఇలాంటి మిషన్ యాత్ర తలపెట్టిన విచారణలకూ సంఘాలకూ పనికొచ్చేలా కొలతలు, మోతాదులు కూడా ఇచ్చాం.

మొదటి ఆలోచన ఎందుకు మారింది

జట్టు మొదట అనుకున్నది వేరు. చెన్నై నుంచి వేళాంగణి దాకా సుమారు 320 కిలోమీటర్లు తామూ నడవాలి, దారి పొడుగునా జపమాల చెప్పాలి, పాటలు పాడాలి, తోటి యాత్రికులకు పులిహోర పొట్లాలూ కరపత్రాలూ పంచాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ దారి తెలిసినవాళ్లతో కూర్చుని లెక్క వేస్తే ఒక్కొక్కటీ విడిపోయింది.

రోజుకు 30 కిలోమీటర్లు నడిచే మనిషికి మూడో రోజుకే అరికాళ్లు పొక్కుతాయి, పిక్కలు పట్టేస్తాయి. ఆ సాయంత్రం అతను ఇంకొకరి పాదాల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని అరగంట పని చేయలేడు. అతనికే ఎవరైనా చేయాలి. నడిచే జట్టు మందుల పెట్టె మోయలేదు, నీళ్ల డ్రమ్ము అసలే మోయలేదు. వెనకాల బండి పెట్టుకున్నా, జట్టు నడిచే వేగానికి దాని ముందున్న గుంపు, వెనకున్న గుంపు తప్ప మిగతా వేలమంది దాని కంట పడరు. ఒకచోట ఆగిన జట్టుకు మాత్రం దారి మొత్తం తానే నడిచి వస్తుంది.

రెండోది తిండి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు పొడుగునా ఆ పది రోజులు అన్నదానానికి కొదవ లేదు. విచారణలు, కుటుంబాలు, దుకాణాలవాళ్లు, క్రైస్తవులు కానివాళ్లు కూడా ఇడ్లీ, పొంగలి, సాంబారన్నం పెడతారు. తిన్నది చాలై సగం పొట్లాలు రోడ్డు పక్కన పడి ఉంటాయి. ఆ దారిలో దొరకనివి వేరే ఉన్నాయి: పగలు పడుకోవడానికి నీడ, ఆడవాళ్లకు మరుగు, పుండుపడిన కాలును శుభ్రంగా కట్టే చెయ్యి, చీకట్లో వెనక నుంచి వచ్చే లారీకి కనబడే వెలుగు. ఇవ్వాలని మనకు ముచ్చటైనదానికి, వాళ్లకు కావలసినదానికి మధ్య ఎంత దూరముందో అక్కడ తేలింది. శిబిరం పద్ధతి అంతా ఆ తేడా నుంచే పుట్టింది.

చోటు, తేదీ

వేళాంగణిలో ఆగస్టు 29 సాయంత్రం జెండా ఎగరేయడంతో ఉత్సవం మొదలై సెప్టెంబరు 8న మరియమాత జన్మదినోత్సవంతో ముగుస్తుంది. చెన్నై వైపు నుంచి నడిచేవాళ్లలో ఎక్కువమంది జెండా పండుగకు అందుకోవాలని చూస్తారు. మిగతావాళ్లు 8వ తేదీని పట్టుకుంటారు. అందుకే దారిలో రెండు అలలు కనబడతాయి.

శిబిరం తేదీ పండుగను బట్టి పెట్టుకుంటే దెబ్బతింటాం. శిబిరం ఉన్న చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మరక్కాణం నుంచి వేళాంగణికి సుమారు 200 కిలోమీటర్లు. రోజుకు 30 చొప్పున ఆరేడు రోజులు. 29 సాయంత్రానికి చేరాలనుకునే గుంపు 22, 23 తేదీల్లోనే మరక్కాణం దాటిపోతుంది. 27న వచ్చి పందిరి వేసిన శిబిరానికి ఖాళీ రోడ్డే మిగులుతుంది. ఈ జట్టు 20 ఉదయానికల్లా గుంజలు పాతింది, 25 దాకా ఉంది. రెండో అలకు ఉండడానికి సెలవులు కుదరలేదు.

మరక్కాణమే ఎందుకంటే రెండు కారణాలు. చెన్నైకి సుమారు 120 కిలోమీటర్ల దూరం కాబట్టి యాత్రికులు అక్కడికి వచ్చేసరికి నడక మూడో రోజో నాలుగో రోజో అవుతుంది. పొక్కులు లేచి, పగిలి, చీము పట్టబోయే సమయం సరిగ్గా అదే. మహాబలిపురం దగ్గర శిబిరం పెడితే అందరూ బాగానే ఉంటారు, దండం పెట్టి ముందుకు పోతారు. రెండో కారణం ఉప్పు మడులు. మరక్కాణం చుట్టూ రోడ్డుకు అటూ ఇటూ ఉప్పు పండే మడులు. చెట్టు లేదు, ఇల్లు లేదు, తెల్లటి ఉప్పు కుప్పల మీద పడిన ఎండ కళ్లలోకి కొడుతుంది. బోరు వేసినా తాగే నీళ్లు పడవు. ఆ మడుల మధ్య నుంచి నడిచి వచ్చిన మనిషికి అవతలి అంచున మొదట కనబడేది నీడ అయి ఉండాలి.

చోటు చూసేటప్పుడు ఇంకో మూడు సంగతులు. యాత్రికులు నడిచే పక్కనే పందిరి ఉండాలి, రోడ్డు దాటించకూడదు. మలుపులో వద్దు, నేరుగా ఉన్న చోట కావాలి. పందిరి తారు అంచు నుంచి కనీసం ఇరవై మీటర్లు లోపలికి ఉండాలి, ఎందుకంటే ఆగిన గుంపు, వాళ్లు మాత స్వరూపంతో తెచ్చే రథం, వెనకొచ్చే బండి అన్నీ నిలబడాలి.

అనుమతులు, మనుషులు

ఉత్తరాలు జూన్‌లోనే మొదలవ్వాలి. మరక్కాణం పుదుచ్చేరి-కడలూరు అగ్రమేత్రాసనం (ఆర్చ్‌డయోసిస్) పరిధిలోది. మన మేత్రాసనం (డయోసిస్) నుంచి ఒక ఉత్తరం, అక్కడి విచారణ గురువులకు ఇంకొకటి. స్థానిక గురువులు ఒప్పుకుంటే మిగతా పని సగం అయిపోతుంది, ఎందుకంటే స్థలం ఇచ్చే రైతును, నీళ్ల ట్యాంకరువాణ్ణి, పందిరి సామాన్లవాణ్ణి ఆయనే చూపిస్తారు. పోలీస్ స్టేషన్‌కు, స్థానిక సంస్థకు, దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తమిళంలో రాసిన దరఖాస్తులు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోవాలి. వంట ఉంటే ఆహార భద్రత విభాగానికి కూడా. ఆంధ్రా బండి పసుపు బోర్డుదైతే తమిళనాడుకూ పుదుచ్చేరికీ పర్మిట్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. మరక్కాణం నుంచి పుదుచ్చేరి ముప్పై అయిదు కిలోమీటర్లే, పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే అటే పోతారు.

నర్సులు చేసే పని ఎంతవరకో కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఈ శిబిరంలో గాయం శుభ్రం చేయడం, కట్టు కట్టడం, జ్వరం, బీపీ, షుగర్ చూడడం, ఓఆర్ఎస్ ఇవ్వడం వరకే. మాత్ర ఇవ్వాలంటే అక్కడి డాక్టరు ఫోన్లో చెప్పాలి. నొప్పుల మాత్రల విషయంలో గట్టిగా ఉండడం అవసరం. ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుని ఎండలో నడిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. యాత్రికులు మాత్రం అదే అడుగుతారు, 'ఒక నొప్పి మాత్ర ఇచ్చేయండి, పోతా' అని. కొన్ని శిబిరాల్లో గుప్పెడు ఇస్తుంటారు కూడా. ఇవ్వకూడదు. కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మూత్రం వచ్చాక డాక్టరుతో మాట్లాడి పారాసెటమాల్ ఇవ్వవచ్చు.

పాదాల పని

ఇదే శిబిరానికి గుండె. ఒక మనిషి రెండు పాదాలు కడిగి, చూసి, కట్టడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. మూడు పీటలు వేస్తే గంటకు పన్నెండు మంది. రోజుకు ఎనిమిది గంటలు పని జరిగితే వందలోపు. మందులు ఎన్ని పెట్టెలు తెచ్చినా అంతకంటే పెరగదు, తరుగు పడేది చేతులే. అందుకని కడపలో నాలుగు ఆదివారాలు పూజ తర్వాత సాధన చేశారు. ఒకరి పాదానికి ఒకరు కట్టు కట్టి, గుడి ఆవరణలో రెండు కిలోమీటర్లు ఉత్త కాళ్లతో నడిచి, ఎవరి కట్టు నిలిచిందో చూశారు. మొదటి వారం ఒక్కటీ నిలవలేదు.

ఎందుకు నిలవలేదంటే, అరికాలి చెమట. మామూలు కాగితపు టేపు చెమట చర్మానికి అంటదు. పుండు చుట్టూ ఉన్న మంచి చర్మం మీద టింక్చర్ బెంజోయిన్ పూసి, అరనిమిషం ఆరనిచ్చి, దాని మీద జింక్ ఆక్సైడ్ టేపు వేస్తే పట్టుకుంటుంది. బెంజోయిన్ పచ్చి పుండు మీద పడకూడదు, నిప్పులా మండుతుంది. టేపు ముక్కకు మూలలు కత్తిరించి గుండ్రంగా చేయాలి. చదరపు మూల మొదట లేస్తుంది, దానికి ఇసుక పడుతుంది, ఆ ఇసుకే కొత్త పొక్కు తెస్తుంది. మడత ఒక్కటి పడినా తీసి మళ్లీ వేయాలి. పైన అర అంగుళం మందం మెత్త పెడితే నడక వంకర పోయి మోకాలు పట్టేస్తుంది కాబట్టి మెత్త పలచగా ఉండాలి.

పాదం కడిగే తీరు దగ్గర ఒక మాట చెప్పాలి. ఈస్టరు ముందు వచ్చే పెద్ద గురువారం గుడిలో పాద ప్రక్షాళన చూసిన కళ్లకు ఒక తొట్టె, ఒక తువ్వాలు గుర్తొస్తాయి. శిబిరంలో అలా చేస్తే ఒకరి పుండు రసి, ఒకరి వేళ్ల సందుల పాచి ఇంకొకరికి అంటుతుంది. తొట్టెలో ముంచకూడదు. కింద ఖాళీ తొట్టె పెట్టి పైనుంచి చెంబుతో పోయాలి. ఒక్కొక్కరికి రెండు లీటర్లు సరిపోతాయి. పోసిన నీళ్లు వెంటనే పారబోసి తొట్టె బ్లీచింగ్ నీళ్లతో తొలవాలి. తువ్వాలు కూడా మనిషికొకటి. ఉతికి ఎండబెట్టిన పాత పంచెలు చింపి ముక్కలు చేసి కడప నుంచే తెచ్చారు, అది చవకైన మంచి పద్ధతి. పీటల ముందు నేల రెండో రోజుకే బురద అయిపోయింది. ఒక ట్రాక్టరు కంకర పోయించాక కుదుటపడింది. మొదటి రోజే పోయించాల్సిన ఖర్చు అది.

కడిగి తుడిచాక మొదటి ప్రశ్న షుగర్ గురించి. 'లేదు' అన్నా నమ్మకూడదు, చాలామందికి తెలియదు. కళ్లు మూసుకోమని చెప్పి ప్రతి పాదంలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు కొసలను చూపుడు వేలితో తేలిగ్గా ఒకటి రెండు క్షణాలు తాకాలి. తాకినప్పుడల్లా చెప్పమనాలి. నొక్కకూడదు, గీకకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే ఆ మనిషి పాదాలకు స్పర్శ తగ్గినట్టే. అలాంటివాళ్ల పొక్కు గుచ్చకూడదు, వేడినీళ్లు పోయకూడదు, రక్తంలో చక్కెర చూసి ఆరోగ్య కేంద్రానికి పంపాలి. మేకు గుచ్చుకుని రోజంతా నడిచినా తెలియని పాదాలు అవి.

మిగతావాళ్లకు పద్ధతి ఇలా సాగింది. నొప్పి లేని చిన్న పొక్కును ముట్టుకోరు, పైన టేపు వేసి వదిలేస్తారు. బరువు పడే చోట బిర్రుగా నీరు నిండిన పొక్కుకు పోవిడోన్ అయోడిన్ రాసి రెండు నిమిషాలు ఆరనిచ్చి, కొత్త సూదితో అంచు దగ్గర రెండు చోట్ల గుచ్చి, గాజుగుడ్డతో మెల్లగా నొక్కి నీరు తీస్తారు. పైతోలు కత్తిరించరు. ఆ తోలే మంచి కట్టు. యాత్రికులు అప్పటికే దారం ఎక్కించిన సూది గుచ్చి దారం లోపలే వదిలేసి వస్తుంటారు. ఆ దారం వెంట మురికి లోపలికి పోతుంది, దాన్ని తీసి కడగాలి. తోలు ఊడిపోయిన పొక్కును సెలైన్‌తో కడిగి పారఫిన్ గాజుగుడ్డ పెడతారు. రక్తం నిండినది, చీము పట్టినది, చుట్టూ ఎర్రగా కాలి పైకి గీతలా పాకుతున్నది అయితే శిబిరం పని కాదు, ఆసుపత్రి పని. మేకు, గాజు పెంకు గుచ్చుకున్నవాళ్లకు ధనుర్వాతం టీకా ఎప్పుడు వేసుకున్నారో అడిగి పంపాలి.

రోజుకు వందమందికి సామాన్లు: చేతి తొడుగులు వంద జతలు, సూదులు వంద (అన్నీ వాడరు, అయినా తగ్గించవద్దు), పోవిడోన్ అయోడిన్ ఒక లీటరు, బెంజోయిన్ 200 మిల్లీలీటర్లు, జింక్ ఆక్సైడ్ టేపు రెండు అంగుళాలది పది చుట్లు, అంతే సంఖ్యలో గుడ్డ పట్టీలు, గాజుగుడ్డ ముక్కలు మూడు వందలు. తొడలు ఒరుసుకుని పుండు పడినవాళ్లు పాదాల పొక్కులవాళ్లతో సమానంగా వస్తారు, సిగ్గుతో చెప్పరంతే. చిన్న వేజలీన్ డబ్బాలు మరుగు గదిలో పెట్టి, పక్కన తమిళంలో ఒక ముక్క రాసిపెడితే వాళ్లే తీసుకుంటారు. వాడిన సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా, రక్తం అంటిన గుడ్డలకు పసుపు సంచి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి మామూలు చెత్తలో కలవకూడదు. రోజూ సాయంత్రం ఎవరు తీసుకుంటారో ముందే ఒక ఆసుపత్రితో మాట్లాడుకోవాలి.

ఉత్త కాళ్ల మొక్కు

చెప్పులు తెచ్చి పంచాలని కడపలో ఒకరిద్దరు దాతలు ముందుకొచ్చారు. జట్టు వద్దంది, సరైన నిర్ణయం. ఆ దారిలో చాలామంది కావి బట్ట కట్టి, చెప్పులు విడిచి నడుస్తామని మొక్కుకుని వస్తారు. అందులో హిందువులూ ఉంటారు. చెప్పు ఇవ్వడమంటే మొక్కు విడిచిపెట్టమని చెప్పడమే. 'గుడ్డ చుట్టమంటారా?' అని అడగవచ్చు. కొందరు సరేనంటారు, కొందరు తల అడ్డంగా ఊపుతారు, అక్కడితో ఆపాలి. వాళ్లకు చెప్పగలిగింది వేళ ఒక్కటే: మధ్యాహ్నం తారు గాలికంటే ఎంతో ఎక్కువ వేడెక్కి 60 డిగ్రీల దాకా పోతుంది, పదిన్నర నుంచి నాలుగు దాకా పడుకోండి అని. అందుకే పందిరిలో సగం చోటు పీటలకు ఇవ్వకుండా చాపలకు ఇచ్చారు. ఎక్కువమంది మెచ్చుకున్నది ఆ చాపలనే.

కావి బట్ట చూసి మన యువకులు ఇద్దరు ఇబ్బంది పడ్డారు, ఇది మన ఆచారమేనా అని. 18వ శతాబ్దంలో కర్ణాటక మిషన్ పేరుతో మన రాయలసీమకు వచ్చిన యేసు సభ (జెస్యూట్) గురువులు కావి కట్టి, సన్యాసుల్లా శాకాహారం తిని ఊళ్లు తిరిగారని ఉపదేశి చెప్పాక ఆ ప్రశ్న పోయింది. బయలుదేరక ముందే చెప్పాల్సిన పాఠం ఇది.

నీళ్లు, జావ

నీళ్లు ట్యాంకరులో వస్తాయి కాబట్టి శుద్ధి మన బాధ్యతే. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకరుకు 12.5 గ్రాములు. పౌడరును బకెట్లో కలిపి, సున్నం అడుగున దిగాక పైతేట మాత్రమే పోయాలి, తర్వాత గంట ఆగాలి. మూత తీసి ఉంచిన పాత పౌడరులో బలం ఉండదు. అందుకని క్లోరిన్ పరీక్ష కిట్టుతో లీటరుకు 0.5 మిల్లీగ్రాము నిలిచిందో లేదో చూసి, తగ్గితే కొంచెం కలపాలి.

ఉత్త నీళ్లు మాత్రం తాగుతూ రోజంతా చెమటోడ్చినవాళ్లకు ఒంట్లో ఉప్పు పడిపోయి తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. ఇంకా నీళ్లు పట్టిస్తే మరీ చెడుతుంది. ఓఆర్ఎస్ పొట్లం ఒకటికి లీటరు నీళ్లు, గ్లాసులో పొట్లం మొత్తం పోసి ఇవ్వకూడదు. పొట్లాలు అయిపోతే లీటరుకు ఆరు చదును టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు.

కడప జట్టు తెచ్చినవాటిలో బాగా నప్పింది రాగి జావ. తమిళ నేల మీద ఆడి మాసంలో అమ్మవారి గుళ్ల దగ్గర కూళు పోయడం అలవాటు, కాబట్టి ఆ రుచి అందరికీ తెలుసు. అయిదు కిలోల రాగిపిండికి యాభై లీటర్ల జావ, చల్లారాక పాతిక లీటర్ల మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లి. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు 375 గ్లాసులు. పిండి ముందుగా చన్నీళ్లలో జారుగా కలిపే ఎసట్లో పోయాలి. పొడి పిండి వేస్తే ఉండ కడుతుంది. పెద్ద డేగిసాలో అడుగంటితే మొత్తం మాడు వాసన వేస్తుంది, కాబట్టి ఇద్దరు మార్చి మార్చి కలపాలి. అసలు చిక్కు ఆ తీరపు ఉక్క. కడపలో మధ్యాహ్నం దాకా నిలిచే మజ్జిగ జావ అక్కడ ఉదయం తొమ్మిదికే పులిసింది. రాత్రి రెండుకు కాచి, మూడు నుంచి ఎనిమిది లోపు పోసెయ్యాలి, మజ్జిగ ఏ పూటది ఆ పూటే కలపాలి. సాయంత్రానికి ఉప్పు బొరుగులు, పుట్నాలు. పాడవవు, చేతిలో పట్టుకుని నడుస్తూ తినవచ్చు.

ఎండదెబ్బ విషయంలో ఒక్క గుర్తు చాలు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది ఆసుపత్రి కేసు. 108కి ఫోను చేసి, బండి వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు గుమ్మరిస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

ఆడవాళ్ల మరుగు

శిబిరాల ఫోటోల్లో కనబడనిది, ఆడవాళ్లు మొదట వెతికేది ఇదే. మరుగు లేదని నీళ్లు తాగడం మానేస్తారు, దాంతో మూత్రంలో మంట, కళ్లు తిరగడం. ఈ జట్టు మొదట గుంత తవ్వి చుట్టూ తడికెలు కట్టింది. మరక్కాణం ఇసుక నేల, నాలుగడుగుల లోపే ఊట. రాత్రికే గట్లు జారి గుంత పూడిపోయింది. అడుగు తీసేసిన రెండు వందల లీటర్ల డ్రమ్మును గుంతలో దించి, పైన మధ్యలో తూటు ఉన్న రాతి పలక వేశాక నిలబడింది. అదీ రెండు రోజులకే నిండింది. ఊట అంత పైన ఉన్న చోట గుంత అసలు సరికాదు, చుట్టుపక్కల నీళ్లు చెడతాయి. అద్దెకు దొరికే పెట్టె మరుగుదొడ్లు పుదుచ్చేరి నుంచి తెప్పించడమే మేలు. లేదంటే దగ్గరి బడితో, పెట్రోలు బంకుతో ముందే మాట్లాడుకోవాలి. లోపల దీపం, గడియ, మూత ఉన్న చెత్త డబ్బా, శానిటరీ ప్యాడ్లు ఉండాలి. దీపం లేని మరుగు రాత్రి ఎవరూ వాడరు. కాపలా ఆడవాళ్లే ఉండాలి.

రాత్రి రోడ్డు

ఈ దారిలో పొక్కులకంటే పెద్ద ప్రమాదం లారీలు, కార్లు. చల్లబడ్డాక నడవడం మంచిదే, కానీ ఉత్త కాళ్లవాళ్లు తారు వేడికి ఓర్వలేక రోడ్డు అంచున ఉన్న తెల్ల గీత మీద నడుస్తారు. తెల్లరంగు తారుకంటే తక్కువ కాలుతుంది. పగలు పడిన ఆ అలవాటు రాత్రీ పోదు. ఆ గీత బండ్ల చక్రాలకు జానెడు దూరం. పైగా ఎడమ పక్కన నడుస్తారు కాబట్టి వెనక నుంచి వచ్చేది కనబడదు, రథం మీది మైకు హోరులో వినబడదు.

అందరికీ వెలుగు పట్టీలు ఇవ్వడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. యాభై మీటర్ల రెండంగుళాల రిఫ్లెక్టివ్ టేపు చుట్టను అరవై సెంటీమీటర్ల ముక్కలు చేస్తే ఎనభై మూడు వస్తాయి. అంటించే టేపు చెమట బట్టకు నిలవదు. కడపలో దర్జీ చేత గుడ్డ పట్టీల మీద కుట్టించి, భుజం మీదుగా ఏటవాలుగా వేసుకునేలా తెచ్చారు. ఒక్కో గుంపులో చివరి వరుస నలుగురికీ, రథం వెనక రెండు మూలలకూ కట్టారు, చివరి మనిషి చేతికి ఎర్ర టార్చి. గుంపు పెద్దతో మాట్లాడి ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కకు మారమని చెప్పినా, రథం ఉన్న గుంపులు మారలేదు. రథం బండిలా ఎడమనే పోవాలంటారు. అప్పుడు కనీసం మనుషులు రథానికి వెనక కాకుండా ముందు నడిచేలా ఒప్పించవచ్చు. వెనక దీపాలున్న రథమే వాళ్లకు అడ్డుగా ఉంటుంది.

భాష, ప్రార్థన

తెలుగు కరపత్రాలు పెట్టె విప్పకుండానే తిరిగొచ్చాయి. నడిచేవాళ్లలో తమిళులే ఎక్కువ. ఇదే దారిలో కింద తరంగంబాడి ఉంది. 1706లో అక్కడ దిగిన జర్మన్ ప్రొటెస్టంట్ మిషనరీ జీగెన్‌బాల్గ్ మొదట చేసింది తమిళం నేర్చుకోవడమే. తర్వాత అదే మిషన్‌కు వచ్చిన షుల్ట్జ్ మన తెలుగు నేర్చుకుని బైబిలు తర్జుమాకు పూనుకున్నాడు. నాలుగు ఆదివారాల్లో భాష రాదు, పాతిక మాటలు వస్తాయి. ఉక్కారుంగ (కూర్చోండి), తణ్ణి (నీళ్లు), కొప్పుళం (పొక్కు), వలిక్కుదా (నొప్పిగా ఉందా), మయక్కం (కళ్లు తిరగడం), సుగర్ ఇరుక్కా (షుగర్ ఉందా). ఇవి ప్రతి ఒక్కరికీ నోటికి రావాలి. కోడూరు వైపు నుంచి వచ్చిన ఒకామెకు తమిళం బాగా వచ్చు. ఆమెను వంట దగ్గర కాక పీటల దగ్గర పెట్టాలన్నది రెండో రోజు గానీ తట్టలేదు. భాష వచ్చిన మనిషి రోగి పక్కనే ఉండాలి.

ప్రార్థన గురించి జట్టు పెట్టుకున్న కట్టుబాటు ఇది: అడిగితేనే, వాళ్ల మాటల్లోనే. పాదం పట్టుకుని కూర్చున్న పావుగంటలో మనుషులు తమంతట తాము చెబుతారు, ఎవరి కోసం నడుస్తున్నారో, ఏ జబ్బు, ఏ బిడ్డ. మన జట్టులో తమిళం రాని ఒకామె కట్టు కడుతూ తల ఊపుతూ విన్నది, ముసలావిడ ముగించాక 'మరియే వాళ్గ' (మరియమ్మా, వర్ధిల్లు) అంది, ఆవిడా అదే అంది. ఆ పావుగంట మిషన్ కాదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. క్రైస్తవులు కానివాళ్లను కట్టు కట్టినందుకు బదులుగా ప్రార్థనలో కూర్చోబెట్టడం మాత్రం తప్పు. బాధలో ఉన్న మనిషి కాదనలేడు. ఫోటోలు తీయవద్దన్నది కూడా ఇందులో భాగమే. దాతలకు చూపించడానికి ఖాళీ పీటలు, సామాన్లు, డేగిసాల ఫోటోలు చాలు.

విప్పేటప్పుడు

రోజువారీ కాగితంలో పేర్లు రాయలేదు. ఆడ, మగ, సుమారు వయసు, ఏ బాధ, ఏం చేశారు, ఎక్కడికి పంపారు, ఇంతే. ఆ కాగితాలు అక్కడి ఆరోగ్య కేంద్రానికి ఒక నకలు ఇచ్చారు. తెరవని మందులు స్థానిక విచారణ ద్వారా రెండో అల శిబిరానికి అందాయి. పందిరి విప్పాక ఇసుకను జల్లెడ పట్టినట్టు చేత్తో వెతికి సూది మూతలు, టేపు ముక్కలు ఏరడానికి మూడు గంటలు పట్టింది. ఆ సమయం తిరుగు ప్రయాణం లెక్కలో ముందే పెట్టుకోవాలి, లేకపోతే రైలు వేళకు తొందరపడి వదిలేస్తారు. నడవాలన్న కోరిక ఉన్నవాళ్లు ఆ తర్వాత నాగపట్నం దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి పదకొండు కిలోమీటర్లు నడిచి వేళాంగణి చేరారు.

వచ్చే ఆగస్టుకు మార్చుకున్నవి: రెండో అలకు ఇంకో అయిదుగురు, మొదటి రోజే కంకర, అద్దె మరుగుదొడ్లు, పీటల దగ్గర తమిళం వచ్చినవాళ్లు ఇద్దరు. కట్టు కట్టేవాళ్లకు తొమ్మిదంగుళాల ఎత్తు ముక్కాలిపీటలు, కట్టించుకునేవాళ్లకు పద్దెనిమిది అంగుళాల బల్ల. ఈసారి ఇద్దరూ ఒకే ఎత్తు మీద కూర్చోవడం వల్ల మూడో రోజుకు నర్సుల నడుములు పట్టేశాయి.